అన్ని ఎత్తులూ సమానమైనప్పుడు

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. నాలుగేళ్ళుగా చెస్ ఆడుతున్నాడు. జిల్లా పోటీల దాకా వెళ్ళొచ్చాడు. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు బోర్డు తీసి ముందు పెట్టాను. బంట్లు సర్దుతూ సర్దుతూ మధ్యలో ఆగిపోయి, ఇంక ఆడనన్నాడు. ఎండకి అలిసిపోయాడేమో అనుకున్నాను. అది కాదట.

“మావయ్యా, ఈ ఆటకి జవాబు ముందే ఉంది. ఇద్దరూ తప్పు చెయ్యకపోతే డ్రా. నేను అరగంట ఆలోచించి వేసిన ఎత్తుని చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, అదే ఇంజిన్, అర సెకన్లో తప్పంటుంది. జవాబు తెలిసిపోయిన లెక్కని మళ్ళీ మళ్ళీ చెయ్యడం దేనికి?”

అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. చదరంగంలో సాధ్యమయ్యే ఆటలు విశ్వంలో ఉన్న అణువుల కన్నా ఎక్కువరా, ఏ కంప్యూటరూ ఎప్పటికీ తేల్చలేదు, నువ్వు బెంగపడకు అన్నాను. వాడు తలూపాడు గానీ బోర్డు ముందుకు జరగలేదు. ఆ రాత్రి పడుకున్నాక నా జవాబు నాకే నచ్చలేదు. అందులో లెక్క తప్పు. ఒకవేళ లెక్క సరైనదే అయినా, వాడు అడిగినదానికి అది జవాబు కాదు. “ఎప్పటికీ తేలదు కాబట్టి ఆడు” అంటే, తేలిన రోజున ఆపెయ్యమనేగా అర్థం? అప్పటి నుంచి దీని మీద చదువుతూ, కాయితం మీద లెక్కలు వేసుకుంటూ ఉన్నాను. ఆ రోజు వాడికి చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు వాడి మాటలో నిజం ఎంతో చూద్దాం. జవాబు ఉందన్నాడు. ఆ మాట నిజం. 1913లో ఎర్న్‌స్ట్ జెర్మెలో అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త చదరంగం గురించి ఒక చిన్న పత్రం రాశాడు. అందులోని ఆలోచనని ఇవాళ మనం ఇలా చెప్పుకుంటాం: పాచికలు లేని, దాచిపెట్టిన ముక్కలు లేని, ఎప్పటికైనా ముగిసే ఇద్దరి ఆటలో మూడింటిలో ఏదో ఒకటే నిజం. తెల్ల ఎలాగైనా గెలవగలదు, లేదా నల్ల ఎలాగైనా గెలవగలదు, లేదా ఇద్దరూ ఓడకుండా కాచుకోగలరు. నాలుగోది లేదు. అంటే బోర్డు మీద ముప్పై రెండు కాయలు పేర్చిన క్షణానికే ఆట ఫలితం ఖాయమై ఉంటుంది. అది ఏదన్నదే మనకి తెలియదు.

ఉండటానికీ తెలియడానికీ మధ్య ఎంత దూరముందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. మొదటి ఎత్తు తెల్లది కనక తెల్ల ఓడిపోయే ప్రశ్నే లేదని మనమందరం నమ్ముతాం. గ్రాండ్‌మాస్టర్‌ని ఎవరిని అడిగినా అదే అంటారు. కానీ దానికి ఇంతవరకూ రుజువు లేదు. హెక్స్ అనే ఆటలో మొదటి ఆటగాడు ఓడడని గణితవేత్త జాన్ నాష్ ఎప్పుడో నిరూపించాడు. రెండో ఆటగాడి దగ్గర గెలిచే ఉపాయం ఉంటే మొదటివాడు దాన్నే దొంగిలించి వాడుకోగలడు, ఎందుకంటే ఆ ఆటలో అదనంగా ఒక ఎత్తు ఉండటం వల్ల ఎప్పుడూ నష్టం రాదు. చదరంగంలో ఈ వాదం చెల్లదు. ఇక్కడ ఎత్తు వెయ్యాల్సి రావడమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. కదలకుండా ఉంటే క్షేమం, కదిలితే ఆట కట్టు. వంతు వదులుకునే వీలు లేదు. ముప్పై రెండు కాయలున్న మొదటి స్థితిలో కూడా అలాంటి చిక్కు దాగి లేదని గణితపరంగా ఎవరూ చూపించలేదు. ఉందని నేనూ అనుకోను. అనుకోవడం వేరు, రుజువు వేరు అంటున్నానంతే. “ఇద్దరూ తప్పు చెయ్యకపోతే డ్రా” అని మావాడు తేల్చేసిన మాట ఇంకా నమ్మకమే. చాలా బలమైన నమ్మకం, కానీ నమ్మకమే.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

అణువుల పోలిక అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ పేరు మీద తిరుగుతూ ఉంటుంది. 1950లో ఆయన చదరంగం ఆడే యంత్రం గురించి ఒక పత్రం ప్రచురించాడు. ఒక్కొక్కరికి సుమారు ముప్పై ఎత్తులు అందుబాటులో ఉంటాయనుకుంటే, తెల్ల ఒకటి, నల్ల ఒకటి వేసేసరికి దాదాపు వెయ్యి దారులు. అలా నలభై సార్లు సాగితే 10¹²⁰, అంటే 1 పక్కన 120 సున్నాలు. మనకి కనిపించే విశ్వంలో అణువులు 10⁸⁰ ప్రాంతంలో ఉంటాయంటారు. పోలిక అక్కడి నుంచి వచ్చింది. కానీ షానన్ లెక్క వేసింది ఆటలని. ఒకే స్థితికి లక్ష దారుల్లో చేరుకోవచ్చు. దారి ఏదైనా స్థితి ఒకటే కదా. ఆటని తేల్చాలంటే లెక్క పెట్టాల్సింది స్థితులని. నెదర్లాండ్స్‌కి చెందిన జాన్ ట్రోంప్ యాదృచ్ఛికంగా స్థితులు తీసి, వాటిలో నియమాల ప్రకారం నిజంగా రాగలిగినవెన్నో పరీక్షించి, మొత్తం సుమారు 4.8 × 10⁴⁴ అని అంచనా కట్టాడు. ఇది కూడా ఊహకి అందని సంఖ్యే. కానీ విశ్వం దాకా అక్కర్లేదు, మన భూమిలోనే సుమారు 10⁵⁰ అణువులున్నాయి. అణువుకి ఒక స్థితి చొప్పున రాసుకుంటే భూమిలో లక్షో వంతు కూడా అక్కర్లేదు. అలా రాయడం కుదురుతుందని కాదు, కుదరదు. కానీ “విశ్వం చాలదు” అన్న నా మాట అబద్ధం. పిల్లవాడికి అబద్ధం చెప్పి ఆటలో కూర్చోబెట్టాలని చూశాను.

ఇంకో సంగతి ఉంది. ఆటని తేల్చడానికి అన్ని స్థితులూ చూడాల్సిన పని కూడా లేదు.

ఇప్పటికే తేలిన ఆటలు చాలా ఉన్నాయి. నాలుగు బిళ్ళలు వరసగా పడేలా వేసే కనెక్ట్ ఫోర్ 1988లో తేలింది, మొదటివాడిదే గెలుపు. మన వామనగుంటల కుటుంబానికి చెందిన ఆఫ్రికా ఆట అవారీని 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు పరిశోధకులు మొత్తం 88,900 కోట్ల పైచిలుకు స్థితులూ లెక్కించి డ్రా అని తేల్చారు. మా ఊరి గుడి మండపంలో రాతి పలక మీద చెక్కిన పులి-మేక గీతలు చూసినవాళ్ళకి ఇంకో కబురు. అదే కోవకి చెందిన నేపాల్ బాఘ్ చాల్‌ని, నాలుగు పులులు, ఇరవై మేకల ఆటని, లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ కలిసి డ్రా అని నిరూపించారు. మన మూడు పులుల ఆట గీతలు వేరు, అది వేరే లెక్క. నలుపు తెలుపు బిళ్ళలు తిప్పే ఒథెల్లో కూడా డ్రా అని 2023లో జపాన్ నుంచి ఒక పత్రం వచ్చింది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది చెకర్స్ కథ, చదరంగం బల్ల మీదే నల్ల, తెల్ల బిళ్ళలతో ఆడే ఆట. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షాఫర్ 1989లో చినూక్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. అప్పటి ప్రపంచ విజేత మారియన్ టిన్స్‌లీ గణితం ప్రొఫెసర్, మనుషుల్లో అంతటి చెకర్స్ ఆటగాడు మళ్ళీ పుట్టలేదంటారు. నలభై ఏళ్ళకి పైగా ఆడిన జీవితంలో ఆయన ఓడిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1992లో చినూక్‌తో తలపడి నాలుగు గెలిచి, రెండు ఓడి, ముప్పై మూడు డ్రా చేసి కిరీటం నిలబెట్టుకున్నాడు. 1994లో మళ్ళీ కూర్చున్నారు. ఆరు ఆటలూ డ్రా. టిన్స్‌లీకి ఒంట్లో బాగాలేక తప్పుకున్నాడు. క్యాన్సర్ అని తేలింది. మరుసటి ఏడాది పోయాడు. ఎవరు గొప్పన్న సంగతి తేలలేదు. షాఫర్ బృందం ఆ తర్వాత మనిషిని పక్కనపెట్టి ఆట వెంటే పడింది. 2007లో చెకర్స్ డ్రా అని రుజువుతో సహా ప్రకటించారు.

ఆ ఆటలో స్థితులు మొత్తం 5 × 10²⁰. రుజువు కోసం వాళ్ళు చూడాల్సి వచ్చినవి సుమారు 10¹⁴, అంటే కోటి కోట్లు. మిగతావి వదిలేశారు. ఎందుకంటే నల్ల ఓడకుండా ఉండగలదని చూపించాలంటే తెల్ల వేసే ప్రతి ఎత్తూ చూడాలి గానీ, దానికి నల్ల బదులు ఒక్కటి దొరికితే చాలు. మంచి బదులు ఒకటి చేతిలో ఉన్నప్పుడు మిగతా కొమ్మలన్నీ నరికెయ్యొచ్చు. ఆట మొదటి నుంచి ఓడకుండా ఒక దారి తెలియడం ఒక పరిష్కారం. ఏ స్థితి ముందు పెట్టినా ఫలితం చెప్పగలగడం ఇంకో పరిష్కారం. చెకర్స్‌కి దొరికింది మొదటిదే. ఈ తేడా పట్టించుకోకుండా “పరిష్కరించడం” అనే మాటని అందరం ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నాం.

చదరంగానికి రెండో రకం పరిష్కారం, అంటే 4.8 × 10⁴⁴ స్థితులకీ జవాబు రాసి పెట్టుకోవడం, జరగదు. ఇక్కడ “ఎప్పటికీ” అనడానికి నాకు సందేహం లేదు. మొదటి రకం మాత్రం వేరు. అన్నీ కలిసొచ్చి, ప్రతిచోటా మొదట చూసిన బదులే సరైన బదులైతే, చూడాల్సినవి మొత్తానికి వర్గమూలం దాకా తగ్గుతాయి. 10⁴⁴కి వర్గమూలం 10²². స్థితికి ఒక బైటు వేసుకున్నా వెయ్యి కోట్ల టెరాబైట్లు. వంద కోట్ల కంప్యూటర్లు పెట్టి, ఒక్కో స్థితికి సెకనులో వెయ్యో వంతు చాలనుకుంటే మూడు వందల ఏళ్ళు పడుతుంది. చాలా ఎక్కువే, కానీ మన పూర్వీకులు గుళ్ళు కట్టడానికి రెండు మూడు తరాలు తీసుకున్నారు. ఊహకి అందని కాలం మాత్రం కాదు.

అయితే చెకర్స్‌లో అన్నీ కలిసి రాలేదు. 5 × 10²⁰కి వర్గమూలం సుమారు 2 × 10¹⁰, వాళ్ళకి పట్టింది 10¹⁴, వేల రెట్లు ఎక్కువ. ఇరవై సున్నాల ఆటకి పద్నాలుగు సున్నాల శ్రమ. అదే పాళ్ళలో నలభై నాలుగు సున్నాల ఆటకి ముప్పై సున్నాలు. అవే వంద కోట్ల కంప్యూటర్లకి అప్పుడు మూడు వేల కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్ళే. మూడు వందల ఏళ్ళకీ మూడు వేల కోట్ల ఏళ్ళకీ మధ్య ఎక్కడో నిజం ఉంది. క్వాంటమ్ కంప్యూటర్లు వచ్చి తేల్చేస్తాయనే వాళ్ళున్నారు. 1996లో లోవ్ గ్రోవర్ చూపించిన క్వాంటమ్ వెతుకులాట కూడా ఇచ్చేది వర్గమూలం లాభమే. అది అద్భుత దీపమేమీ కాదు. (షానన్ 1950లో, గ్రోవర్ 1996లో, వీళ్ళ మధ్యలో ఇంకాసేపట్లో చెప్పబోయే కెన్ థాంప్సన్, ముగ్గురూ అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పని చేసినవాళ్ళే. ఒక్క కంపెనీ ఈ ఆటకి ఇంత చేసింది.)

కాబట్టి నా తీర్పు ఇది: నా జీవితంలో తేలదు, మావాడి జీవితంలోనూ తేలదనే అనుకుంటున్నాను, కానీ “అసాధ్యం” అనే మాట ఇంకెప్పుడూ వాడను. ఏదో ఒక రోజు ఎవరో డ్రా అని రుజువు తెచ్చి బల్ల మీద పెట్టొచ్చు. ఆ రోజు కూడా ఈ ఆట ఆడటానికి కారణం ఉండాలి. లేకపోతే ఇప్పుడు కూడా లేనట్టే.

కారణం ఎక్కడుందో తెలుసుకోవాలంటే చదరంగంలో ఇప్పటికే తేలిన భాగం చూడాలి. ఆట తలవైపు నుంచి తేలకపోయినా తోకవైపు నుంచి తేలుతూ వస్తోంది. ఆట కట్టిన స్థితుల నుంచి వెనక్కి నడుచుకుంటూ, ఏ స్థితి నుంచి ఎన్ని ఎత్తుల్లో గెలవచ్చో పట్టికలు కట్టారు. వాటినే టేబుల్‌బేస్ అంటారు. బోర్డు మీద రెండు రాజులతో కలిపి ఏడు కాయలు మిగిలిన ఏ స్థితికైనా ఇవాళ నూటికి నూరుపాళ్ళు నిజమైన జవాబు ఉంది. 2012లో మాస్కో విశ్వవిద్యాలయంలో కట్టిన లొమొనొసోవ్ పట్టికలకి 140 టెరాబైట్లు పట్టింది. 2018లో పూర్తయిన సిజిజీ ఏడు కాయల పట్టికలు 18 టెరాబైట్ల దాకా కుదించుకున్నాయి. అందులో సుమారు 424 లక్షల కోట్ల స్థితులు. ఇంజిన్ చెప్పేది అంచనా, టేబుల్‌బేస్ చెప్పేది సత్యం. మావాడు ఫోన్‌లో చూసే ఇంజిన్ “తెల్లకి కాస్త మొగ్గు” అంటే అది ఒక మహా అనుభవజ్ఞుడి అభిప్రాయం. టేబుల్‌బేస్ “డ్రా” అంటే ఇక దాని మీద అప్పీలు లేదు.

ఈ పట్టికలు కట్టడం మొదలుపెట్టినవాళ్ళలో కెన్ థాంప్సన్ ముఖ్యుడు, కంప్యూటర్లని నడిపే యూనిక్స్ వ్యవస్థని రాసినాయన. 1970ల చివర్లో మంత్రి ఒకవైపు, ఏనుగు ఒకవైపు ఉండే ముగింపుకి పూర్తి పట్టిక కట్టాడు. (మా తాతయ్య మాటలే వాడుతున్నాను: మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. మావాడు క్వీన్, రూక్, బిషప్ అంటాడు.) మంత్రి ఉన్నవాడు తేలిగ్గా గెలుస్తాడని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. అమెరికా ఛాంపియన్ వాల్టర్ బ్రౌన్ మంత్రి తీసుకుని, ఏనుగుతో కాచుకుంటున్న కంప్యూటర్‌ని యాభై ఎత్తుల్లో ఓడిస్తానని పందెం కట్టాడు. గెలవలేకపోయాడు. రాజుకి ఏనుగుని ఆనించి ఉంచాలని మనుషులు నేర్చుకున్నారు, యంత్రం ఏనుగుని దూరంగా పంపేసి తప్పించుకుంది. ఆయన ఇంటికెళ్ళి చదువుకుని మళ్ళీ వచ్చి, సరిగ్గా యాభయ్యో ఎత్తుకి గెలిచాడు. రెండు శకట్లకీ ఒంటరి గుర్రానికీ జరిగే ముగింపులో గుర్రం తలదాచుకోగలిగే ఒక కోట ఉందని 1851 నుంచి పుస్తకాల్లో ఉంది. 1980ల్లో థాంప్సన్ పట్టిక దాన్ని కూల్చేసింది, మహా అయితే 66 ఎత్తుల్లో శకట్లదే గెలుపు అంది. నూట ముప్పై ఏళ్ళ పాటు మాస్టర్లందరూ డ్రా అని నమ్మినది డ్రా కాదు. అందుకే పైన నమ్మకం, రుజువు అంటూ అంత పట్టుబట్టాను.

లొమొనొసోవ్ పట్టికల్లో 549 ఎత్తుల తర్వాత ఆట కట్టే స్థితి ఒకటి ఉంది. అంత పొడుగాటి గెలుపులో మొదటి వందల ఎత్తులు చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రాజు అటు వెళ్తాడు, ఇటు వస్తాడు, గుర్రం ఎక్కడో తిరుగుతుంది. ఎందుకని అడిగితే పట్టిక దగ్గర సమాధానం లేదు, 412 మిగిలాయి, 411 మిగిలాయి అనే సంఖ్య తప్ప. తీర్పు ఉంది, తీర్పుకి కారణం లేదు. నేను ఆటలోకి వెళ్ళేది ఆ కారణాల కోసం. అయినా ఇది కూడా నా అసలు వాదం కాదు. మనకి అర్థం కాకపోవడం మన లోపం అనొచ్చు ఎవరైనా.

అసలు వాదం డ్రా అనే మాటలోనే ఉంది. గెలిచే స్థితిలో పట్టిక దారి చూపిస్తుంది: ఇది వేస్తే ఇన్ని ఎత్తుల్లో, అది వేస్తే అన్ని ఎత్తుల్లో. డ్రా స్థితిలో ఏం చేస్తుందో ఎప్పుడైనా చూశారా? ఓడిపోయే ఎత్తులు పోను మిగతా అన్నిటి పక్కనా డ్రా, డ్రా, డ్రా అని రాస్తుంది. వాటి మధ్య తేడా లేదు దానికి. ఒకటి ఎదుటివాడిని ముళ్ళ మీద నిలబెట్టేది కావచ్చు, ఇంకొకటి చేతిలో పెట్టి వదిలేసేది కావచ్చు. పరిపూర్ణమైన ఆటకి రెండూ ఒకటే. ఎందుకంటే ఎదుటివాడు కూడా పరిపూర్ణుడని అది అనుకుంటుంది, పరిపూర్ణుడికి ముళ్ళు గుచ్చుకోవు.

చదరంగం మొత్తం డ్రా అని రుజువైతే, తెల్ల మొదట వెయ్యగల ఇరవై ఎత్తుల పక్కన ఆ పెద్ద పట్టిక ఏం రాస్తుంది? ఈ4 డ్రా, డీ4 డ్రా, ఏ3 డ్రా, హెచ్4 డ్రా (అక్షరం నిలువు వరుసకి, అంకె అడ్డు వరుసకి గుర్తు). జీ4 ఒక్కటి ఓడినా ఓడొచ్చు. అంటే వందల ఏళ్ళుగా పోగుపడ్డ ఓపెనింగుల, అంటే ఆట ఆరంభపు ఎత్తుల, విద్యకి అది తుది తీర్పు ఇవ్వదు, ఆ ప్రశ్ననే చెరిపేస్తుంది. మనం “మంచి ఎత్తు” అనేది పరిపూర్ణుల లోకంలో లేదు. మంచి ఎత్తు అంటే ఎదుటివాడు తప్పు చెయ్యడానికి ఎక్కువ చోటిచ్చేది, మనకి తక్కువ చోటు ఉంచేది. తప్పు చెయ్యగలిగిన మనుషుల మధ్యే ఆ మాటకి ప్రాణం. జవాబు దొరికితే ఆట చచ్చిపోతుందని భయపడేవాళ్ళు అనుకుంటున్నట్టు ఆ జవాబు మన ప్రశ్నకి జవాబు కాదు. మనం అడిగేది “ఇప్పుడు ఏం వెయ్యాలి” అని. అది చెప్పేది “ఏం వేసినా ఒకటే” అని.

2021 డిసెంబరు 3న దుబాయ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో ఆట. మాగ్నస్ కార్ల్‌సన్, ఇయాన్ నెపోమ్నియాషీ. అప్పటిదాకా ఐదూ డ్రాలే. ఆరోది ఏడున్నర గంటలకి పైగా సాగింది, 136 ఎత్తులు, ఛాంపియన్‌షిప్ చరిత్రలోనే పొడుగైన ఆట. చివర్లో బోర్డు మీద మిగిలినవి కార్ల్‌సన్‌కి రాజు, ఏనుగు, గుర్రం, రెండు బంట్లు, నెపోకి రాజు, మంత్రి. సరిగ్గా ఏడు కాయలు. అంటే ఆ గదిలో ఇద్దరికి తప్ప ప్రపంచంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతివాడికీ జవాబు తెలుసు: డ్రా. కార్ల్‌సన్ ఎత్తు వేస్తాడు, పట్టిక డ్రా అంటుంది. బంటు ఒక గడి జరుపుతాడు, డ్రా. రాజుని పక్కకి తీస్తాడు, డ్రా. పట్టిక లెక్కలో ఆ ఎత్తులన్నిటితో ఆయన ఏమీ చెయ్యలేదు. నిజానికి ఆయన ఒక్కో ఎత్తుతో నెపో ముందు కొత్త ప్రశ్న పెడుతున్నాడు, సరైన బదులు ఒకటో రెండో ఉండే ప్రశ్న, అలసిన మనిషి అర్ధరాత్రి తేల్చుకోవాల్సిన ప్రశ్న. 130వ ఎత్తులో నెపో మంత్రిని ఈ6కి జరిపాడు. అప్పుడు పట్టిక మాట మార్చింది. ఆ ఆట తర్వాత నెపో కోలుకోలేదు.

గుకేశ్ సంగతి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరిదైన పద్నాలుగో ఆటలో, అప్పటి విజేత డింగ్ లిరెన్ మీద. స్కోరు సమానం, ఇద్దరికీ ఏనుగు, శకటు, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. చూస్తున్నవాళ్ళందరూ డ్రా అనుకుని మరుసటి రోజు టైబ్రేక్ గురించి మాట్లాడుకుంటున్నారు. గుకేశ్ డ్రా అడగలేదు, ఎత్తులు వేస్తూనే ఉన్నాడు. డింగ్ 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2కి తెచ్చాడు. ఏనుగులు మారాయి, మూలన ఉన్న శకటు కూడా తప్పించుకోలేక మారింది, బంట్ల ముగింపు మిగిలింది, కథ అయిపోయింది. డింగ్ తప్పు వల్లే గెలిచాడు అని తీసిపారేసిన వ్యాఖ్యలు అప్పట్లో చాలా చదివాను, నాకు కోపం వచ్చింది. తప్పు లేకుండా చదరంగంలో ఎవరు గెలిచారు? మొదటి స్థితి డ్రా అయితే, చరిత్రలో గెలిచిన ప్రతి ఆటా ఎదుటివాడి తప్పు మీదే గెలిచింది. ఆ తప్పు దాకా తీసుకెళ్ళడమే విద్య.

నా వాదంలో బలహీనమైన చోటు కూడా చూపించాలి. రుజువు ఆటని చంపదంటున్నాను, కానీ రుజువు లేకుండానే ఆట ఊపిరాడకుండా పోవచ్చు. చెకర్స్‌లో 2007 కన్నా చాలా ముందే, 1934లోనే, మొదటి మూడు ఎత్తుల్ని చీటీ తీసి ఇవ్వడం మొదలుపెట్టారు, పెద్ద ఆటగాళ్ళ మధ్య డ్రాలు అంతగా పెరిగిపోయాయి కనక. ప్రపంచ ఛాంపియన్‌గా వెలిగిన కాపాబ్లాంకా వందేళ్ళ కిందటే చదరంగం గురించి ఇదే భయపడి పెద్ద బోర్డు, రెండు కొత్త కాయలు ప్రతిపాదించాడు. 2018లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం కార్ల్‌సన్, కరువానా ఆడిన పన్నెండు ఆటలూ డ్రా. ఎత్తుకి రోజుల గడువిచ్చి, ఇంజిన్లని వాడుకోనిచ్చే కరస్పాండెన్స్ చెస్‌లో పై స్థాయిలో గెలుపనేదే అరుదైపోయింది. ఇంజిన్ల పోటీల్లో ఆట రక్తి కట్టాలని మొదటి ఎత్తుల్ని నిర్వాహకులే కావాలని ఒకవైపు ఒరిగేలా ఎంచి ఇస్తున్నారు. మనిషి తప్పు చెయ్యగలగడమే ఆటకి ప్రాణమైతే, ఇంజిన్ పక్కన కూర్చుని బట్టీపట్టిన ఇరవై ఐదు ఎత్తులు ఆ ప్రాణాన్ని తీస్తున్నాయి. మావాడి అసలు బాధ ఇదేనేమో అని ఇప్పుడనిపిస్తుంది. వాడికి నాలుగేళ్ళుగా నేర్పింది ఆలోచించడం కాదు, ఇంజిన్ మెచ్చే ఎత్తులు గుర్తుపెట్టుకోవడం. ప్రతి ఆట అయ్యాక కోచ్ ముందు ఇంజిన్ పెట్టి ఎర్ర గుర్తులు చూపిస్తే పిల్లవాడికి ఏమనిపిస్తుంది? తాను ఆ యంత్రానికి నాసిరకం నకలు అనిపిస్తుంది.

దీనికి మందు ఆటగాళ్ళే కనిపెడుతున్నారు. మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1996లో వెనక వరుసని 960 రకాలుగా పేర్చే ఆట తెచ్చాడు, ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళే దాన్ని ఆడుతున్నారు. 2024లో 2800 రేటింగ్ దాటిన మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి, అందరూ నడిచే దారి వదిలి, రిస్కు ఉన్నా ఆట మిగిలి ఉండే స్థితుల కోసం వెతుక్కునేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. మా తాతయ్య అరుగు మీద ఆడిన చదరంగంలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే జరిగేది. కాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) లేదు, రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఆ ఆటకి జెర్మెలో చెప్పిన జవాబు వేరే ఏదైనా ఉండొచ్చు. ఒక నియమం కదిలితే పట్టిక అంతా మళ్ళీ మొదటి నుంచి కట్టాలి.

దసరాకి వెళ్ళినప్పుడు ఇదంతా వాడికి చెప్పలేదు. కార్ల్‌సన్, నెపో ఆట చివరి భాగం బోర్డు మీద పేర్చి, ఫోన్‌లో టేబుల్‌బేస్ తెరిచి, తెల్ల ఎత్తు వెయ్యమన్నాను. ఎత్తుల జాబితా దాదాపు పొడుగునా డ్రా అనే ఉంది. వాడు కిందికీ పైకీ జరిపి చూశాడు. “ఇందులో ఏది వెయ్యాలో ఇది చెప్పట్లేదేంటి మావయ్యా?” అన్నాడు. చెప్పదురా అన్నాను. ఫోన్ బోర్లా పెట్టి చాలాసేపు బోర్డు వంక చూశాడు.

మొన్న ఆదివారం రాత్రి వాడే ఫోన్‌లో నాతో ఆట మొదలుపెట్టాడు, ఎత్తుకి ఒక రోజు గడువు. తెల్ల వాడిది. మొదటి ఎత్తు ఏ3. కింద మెసేజ్: “అన్నీ సమానమేగా!” 1858లో పారిస్‌లో అమెరికా మేటి మోర్ఫీ మీద జర్మన్ మాస్టర్ ఆండెర్సెన్ మూడు ఆటల్లో వేసిన ఎత్తు అది, ఒకటి గెలిచాడు, ఒకటి ఓడాడు, ఒకటి డ్రా. వాడికి ఆ సంగతి తెలుసో లేదో. నేను ఈ5 వేశాను. వాడు సీ4 వేశాడు. అప్పుడు వెలిగింది నాకు: మామూలుగా నల్ల ఆడే సిసిలియన్ ఓపెనింగ్‌ని రంగులు తిరగేసి ఆడుతున్నాడు, ఆ మొదటి బంటు ఊరికే వెయ్యలేదు, నా శకటు వచ్చి కూర్చునే బీ4 గడిని ముందే మూసేశాడు. ఇప్పుడు నా వంతు. గుర్రాన్ని ఎఫ్6కి తేవాలా, సీ6కి తేవాలా అని రాత్రి నుంచీ చూస్తున్నాను. రేపు పొద్దున తొమ్మిదింటి దాకా గడువుంది.